22 రివిట్లు కొట్టిచ్చిన పెద్దాయనకు దండాలు

నిన్న రాత్రి 11 దాటినంక మా పాత జీపుకు ఆఖరి యూ బోల్ట్ (ఇరుసును స్ప్రింగు పట్టీలకు కట్టేసే బోల్ట్) బిగించినం. పొద్దున ములుగు దాక పోయి వచ్చినం. 60 స్పీడుల కూడా స్టీరింగ్ అదరలే, బండి గీత గీసినట్టు పోయింది. నిద్ర లేక కండ్లు మండుతున్నయి, చేతుల గ్రీసు వాసన ఇంకా పోలే. అయినా ఇది ఇయ్యాల్నే రాయాలె.

బండి 1971 మహీంద్రా సీజే 3బీ. హరికేన్ పెట్రోల్ ఇంజన్, 80 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల నడుమ దూరం), బట్ట టాప్. కొన్నప్పుడు పైన కొత్త పెయింటు, కింద నిగనిగలాడే నల్ల కోటింగు. ఆ నలుపు కిందనే అసలు కథ దాచిపెట్టిన్రు. పాత జీపు కొనేటోళ్లు ఎవరన్నా ఇది చదువుతుంటే ఒక్క మాట: కింద కొత్తగ నల్లరంగు కొట్టి ఉంటే సంతోషపడకుండ్రి, గీకి చూడుండ్రి.

50 దాటంగనే ముందు చక్రాలు అదిరేటివి. ఎడమ టైరు ఒక అంచే అరిగేది. బ్రేకు కొడితే ఎడమకు గుంజేది. టాప్ గుండీలు ఒక పక్క అంగుళం దూరంల ఉండేటివి, ఎవరో బట్టకు అతుకు కుట్టి ఆ అంగుళాన్ని కలిపిన్రు. ముగ్గురు మెకానిక్‌లు చూసిన్రు. ఒకరు కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు) బేరింగులు మార్చిన్రు, ఒకరు బెల్ క్రాంక్ (స్టీరింగ్ కదలికను చక్రాలకు అందిచ్చే చెయ్యి) మార్చిన్రు, ఇంకొకరు స్టీరింగ్ బాక్సు బిగుసుకపోయేదాక టైట్ చేసిన్రు. బాక్సు అట్ల బిగిస్తే ఆట తగ్గినట్టు అనిపిస్తది గాని, మలుపు తిరిగినంక స్టీరింగ్ తనంతట తాను వెనుకకు రాదు, లోపల తిరిగే క్యామ్ అనే ముక్క తొందరగ తినుకపోతది. బట్ట మీది అతుకు సంగతి మాత్రం ఎవరూ అడగలే.

అడిగింది ఆ పెద్దాయన.

మా షెడ్డు పక్క దుకాణంకు గేటు కబ్జాలు అతికిచ్చుకోను వచ్చిన్రు. 74 ఏండ్లు. కాజీపేటల రైల్వే పని చేసి రిటైరైన్రు, రివిట్లు (ఇనుప పలకలను కలిపి పట్టే తల ఉన్న మేకులు) కొట్టుడే ఆయన పని. పేరు రాయొద్దన్నరు, రాస్తలేను. టాప్ మీది అతుకు చూసి ఆగిన్రు. "బట్ట పొట్టిగైతే రెండు దిక్కుల పొట్టిగుండాలె గదా బిడ్డా, ఒక్క దిక్కేంది?" అన్నరు. అంతే, కిందికి వంగి చిన్న సుత్తెతోని ఛాసీని, అంటే బండి కింది ఇనుప చట్రంను, తట్టుకుంట పోయిన్రు. ఎడమ ముందు కొమ్ము (ఛాసీ ముందు కొస) కాడికి రాంగనే చప్పుడు మారింది. గంట లెక్క మోగేది, డబ్బా లెక్క మోగింది.

వైర్ బ్రష్ పెట్టి గీకితే 3 మిల్లీమీటర్ల నల్ల కోటింగు కింద పగిలిన ఇనుప పలక అతుకు బయటవడ్డది. అయస్కాంతంకు కాయిదం చుట్టి ఫెండర్ (చక్రం మీది రేకు) మీద జరిపితే ఎడమ పక్క చాలా చోట్ల అంటుకోనే లేదు, 12 మిల్లీమీటర్ల మందం పుట్టీ. బాడీకి ఛాసీకి నడుమ ఉండే రబ్బరు బిళ్లల కాడ, ఎడమ పక్క మూడేసి వాషర్లు పేర్చి ఉన్నయి. బాడీ వంకర దాచెటందుకు ఆ వాషర్లు, వాషర్లు దాచెటందుకు ఆ కోటింగు.

అతుకు ఎందుకు పగిలిందో ఆయన సుద్దముక్కతోని నేల మీద గీసి చూపిచ్చిన్రు. సీ ఆకారపు ఛాసీకి బరువంతా పై అంచు, కింది అంచు మోస్తయి. ఆ అంచులకు అడ్డంగ వెల్డింగ్ గీత గీస్తే అక్కడ ఇనుము గట్టిపడుతది, పక్కన మెత్తగనే ఉంటది. బండి ఊగినప్పుడల్ల ఆ రెంటి నడుమ వంగుతది, కొన్నాళ్లకు పగులుతది. మా పగులు సరిగ్గ వెల్డింగ్ గీత పక్కపొంటే ఉన్నది. పలక పెట్టాలంటే కొసలు కోసుగ చెక్కాలె, వెల్డింగ్ నిలువు గోడ మీద పొడుగు దిక్కు మాత్రమే పడాలె, అంచుల మీద అడ్డంగ పడొద్దు.

తెల్లారి బాడీ లేపినం. మేస్త్రీల లెవల్ పైపుల నీళ్లు పోసి ఛాసీని నాలుగు స్టాండ్ల మీద సమంగ నిలిపిన్రు. గోడకు వేలాడదీసే గుండు తీసుకొని ఒక్కొక్క కమాన్ పట్టీ (స్ప్రింగు పట్టీ) ఛాసీకి తగిలిచ్చిన హ్యాంగర్ కాడికెల్లి నేల మీదికి గుర్తు దించిన్రు. మూలకు మూల కొలిస్తే 15 మిల్లీమీటర్ల తేడా. ఎడమ కొమ్ము 14 వెనుకకు, 8 పైకి పోయింది. ఆ 8ని సరిచేస్తున్నమనుకొని పాత రిపేరోళ్లు ఎడమ కమాన్ పట్టీ కింద మాత్రమే ఏటవాలు ఇనుప బిళ్ల పెట్టిన్రు. ముందు ఇరుసు ఒకటే గొట్టం. ఒక పక్కనే బిళ్ల పెడితే రెండు కమాన్ పట్టీలు దాన్ని చెరో దిక్కు మెలిపెడ్తయి. కొత్త యూ బోల్ట్‌లు ఊకె ఎందుకు లూజైతున్నయో అప్పుడు తెలిసింది.

సాపు చేసుడు మంట పెట్టకుంట చేసినం. 20 టన్నుల జాకీ, గొలుసు, వెనుక గట్టి ఆధారం. రోజుకు మూడు, నాలుగు మిల్లీమీటర్లు. గుంజి పట్టినప్పుడు వంకర చుట్టూ సుత్తెతోని తట్టాలె, లేకుంటే జాకీ వదలంగనే ఇనుము మళ్ల పాత తీరుకే పోతది. 14 రావాలంటే 20 దాక గుంజాల్సి వచ్చింది. రాత్రంతా అట్లనే ఉంచి పొద్దుగాల కొలిచేటోళ్లం. ఆఖరికి మూలకు మూల తేడా 2 మిల్లీమీటర్లు నిలిచింది. 3 లోపల ఉంటే మంచిదే.

ఇగ రివిట్లు. అడ్డ పట్టీలకు ఉండే అసలు రివిట్లు కోసేసి పాత రిపేరోళ్లు వెల్డింగ్ బొట్లు పెట్టిన్రు. అవన్నీ గ్రైండర్‌తోని తీసినం. ఛాసీ నంబరు కొట్టిన చోటికి గ్రైండర్ పోనియ్యొద్దు, బట్ట కట్టి టేపు చుట్టి ఉంచాలె. 3/8 అంగుళం రివిట్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌ల దొరికినయి. రంధ్రం 10 మిల్లీమీటర్లు. పొడుగు లెక్క ఆయన నోటికే చెప్పిన్రు: రెండు పలకల మందంకు రివిట్ మందంల ఒకటిన్నర రెట్లు కలపాలె. మా పలకలు కలిపి 7, అందుకు 14 కలిపితే 21. తక్కువైతే తల నిండదు, ఎక్కువైతే తల పక్కకు ఒరుగుతది. బొగ్గు పొయ్యిల నారింజ రంగు వచ్చేదాక కాల్చాలె. తెల్లగ మారి రవ్వలు చిమ్మితే ఆ రివిట్ కాలిపోయింది, పారెయ్యాలె. ఒకరు వెనుక డాలీ (బరువైన ఇనుప దిమ్మె) గట్టిగ ఒత్తి పట్టాలె, ఇంకొకరు స్నాప్ (రివిట్ తలకు గుండ్రటి రూపం ఇచ్చే అచ్చు) పెట్టి కొట్టాలె, ఎర్రదనం పోకముందే అయిపోవాలె. చల్లారినంక రివిట్ కురుచ అయి రెండు పలకలను దగ్గరికి గుంజి పడుతది. వెల్డింగ్ బొట్టుకు ఈ గుణం లేదు. మామూలు బోల్ట్ పలకలను పడుతది గాని రంధ్రం నిండదు. రీమర్ (రంధ్రంను కొలతకు నున్నగ చేసే పనిముట్టు) పెట్టి రంధ్రం సరిగ్గ చేసి గట్టి రకం 8.8 గ్రేడ్ బోల్ట్ దిగేస్తే నడుస్తది గాని, లూజు రంధ్రంల బోల్ట్ ఎంత బిగిచ్చినా లాభం లేదు.

22 రివిట్లు కావాలె. 27 కొట్టినం. చూసెటందుకు చక్కగున్నవాటిని అయిదింటిని ఆయన కోసేపిచ్చిన్రు. రివిట్ తలకు ఒక పక్క వేలు ఆనిచ్చి ఇంకో పక్క సుత్తెతోని తట్టేటోళ్లు. వేలుకు జుమ్మని తగిలితే లూజు. "మీద మనుషులు కూసుంటరు బిడ్డా, మళ్ల కొట్టు" అనేటోళ్లు. కోపం లేదు, విసుగు లేదు. 9 రోజులు కాజీపేటకెల్లి బస్సుల వచ్చిన్రు, తన స్నాప్‌లు గుడ్డల మూట కట్టుకొని.

పైసలు ఇయ్యబోతే చెయ్యి వెనుకకు పెట్టుకున్నరు. ఒకటే అడిగిన్రు: ఛాసీ మీదికెల్లి కోసి తీసిన ఆ పగిలిన అతుకు ముక్క. వాళ్ల గల్లీల ఒక పిలగాడు వెల్డింగ్ నేర్చుకుంటున్నడట, వానికి చూపెట్టాల్నట. ఆ అతుకు వేసినోన్ని మేము తిట్టని రోజు లేదు. ఆయన ఒక్కసారి తిట్టలే. "వానికి ఎవరు చెప్పిన్రు గన్క" అన్నరు. రెండు కిలోల తుప్పు ముక్కను సంచిల వేసుకొని ఆయన బస్సు ఎక్కుతుంటే నోట్లెకెల్లి మాట రాలే. దండం పెట్టుడు కూడా బస్సు కదిలినంక యాదికొచ్చింది. ఆ దండం ఇక్కడ పెడుతున్న.

ఒక బాధ చెప్పకుంట ఉండలేను. పగులు లోపలి తుప్పు ఏండ్ల నాటిది, దాని మీదనే కోటింగు కొట్టి ఉన్నది. అంటే ఆ పగులుతోనే ఈ బండి ఆర్సీ రెన్యువల్ అయింది. 15 ఏండ్లు దాటిన సొంత బండికి ప్రతి 5 ఏండ్లకు చూసి రెన్యువల్ చెయ్యాలె. చూసుడంటే కింద చూసుడు కాదా? ఆర్సీల ఎన్నో ఓనరో ఉంటది, ఫైనాన్స్ ఉంటే అది ఉంటది. యాక్సిడెంట్ సంగతి ఎక్కడా ఉండదు. కొనేటోనికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర చూసే సులువైన తొవ్వ కూడా ఇయ్యరు. 2021 రూల్స్ ప్రకారం 50 ఏండ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ 20,000 రూపాయలు, 10 ఏండ్లకు. ఛాసీ, బాడీ, ఇంజన్ అసలు తీరుగనే ఉండాలంటరు, మంచిదే. అందుకే ఛాసీ మార్చకుంట సాపు చేసినం. గాని అసలు ఛాసీ లోపల ఎంత చెడిందో చూసెటోళ్లు ఎవరు? జిగ్ (ఛాసీని బిగిచ్చి కొలిచి సాపు చేసే చట్రం) ఉన్న పెద్ద వర్క్‌షాప్‌కు పోతే పాత జీపు ముట్టం అన్నరు. రివిట్ కొట్టుడు తెలిసినోళ్లు 70 దాటిన్రు. వాళ్ల తరువాత ఎవరి కాడికి పోవాలె?

ముందు ఇరుసు కొలతలు అడిగినోళ్లకు: క్యాస్టర్ (కింగ్ పిన్ వెనుకకు వాలిన కోణం) 3 డిగ్రీలు, టో ఇన్ (ముందు చక్రాలు ముందు దిక్కు లోపలికి దగ్గరైన తేడా) 1.2 నుంచి 2.4 మిల్లీమీటర్లు. కింగ్ పిన్ షిమ్‌లు (పల్చటి బిళ్లలు) పైన ఎంత తీస్తే కింద అంతే తియ్యాలె, లేకుంటే యాక్సిల్ నడుమల ఉండదు. కొత్త యూ బోల్ట్‌లు 100 కిలోమీటర్లు తిరిగినంక మళ్ల బిగియ్యాలె.

ఇంట్లోళ్లు, తమ్ముడు, బావ అందరూ ఉన్నరు, వాళ్లకు వేరే చెప్పేదేమున్నది.

అయ్యో, టాప్ కుట్టిన అన్నను మర్చిపోయిన. అద్దం ఫ్రేము, టాప్ కమ్మీలు నిలిపేదాక బట్ట కత్తిరియ్యనని మొండికేసిన్రు, ఆయనదే కరెక్ట్. ఇప్పుడు అన్ని గుండీలు అతుకు లేకుంట కలిసినయి. జాకీ 9 రోజులు ఇచ్చి ఒక్కసారి కూడా అడగని లారీ షెడ్డు కాకకు దండాలు. కరెంటు పోయిన రాత్రి జనరేటర్ నడిపిన ఎదురింటోళ్లకు కూడా. బెల్ క్రాంక్ పిన్ను లేత్ మీద తిప్పిచ్చిన అన్నకు బిల్లు ఇంకా ఇయ్యలే, సోమవారం పొద్దుగాల తెస్త. రేడియేటర్ అతికిన తాతకు, రాణిగంజ్‌ల రివిట్లు వెతికి బస్సుల వేసిన దోస్తుకు కూడా.