వృద్ధుల వైద్య శిబిరాల్లో ముక్కునూ పరీక్షించాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

వృద్ధుల ఆరోగ్యంపై మీ పత్రిక ఇటీవల ప్రచురించిన ప్రత్యేక పేజీలో కంటి శుక్లాలు, వినికిడి, మోకాళ్లు, మతిమరుపు అన్నింటికీ చోటు దక్కింది గానీ ముక్కు ప్రస్తావన ఎక్కడా కనిపించలేదు. ఇది మీ ఒక్క పత్రిక లోపం కాదు, మన ఇళ్లలోనూ ఇదే తీరు. చత్వారం వస్తే కళ్లజోడు పెట్టిస్తాం, చెవుడు వస్తే గొంతు పెంచి మాట్లాడతాం; వాసన తెలియడం లేదంటే మాత్రం ‘వయసు కదా’ అని ఊరుకుంటాం. చాలా ఇళ్లలో ఆ మాటయినా రాదు, ఎందుకంటే అది కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి తగ్గుతుంది కాబట్టి పోయిందన్న సంగతి ఆ మనిషికే తెలియదు. అమెరికాలో రిచర్డ్ డోటీ బృందం దాదాపు రెండు వేల మందిని పరీక్షించి 1984లో ‘సైన్స్’ పత్రికలో వెల్లడించిన ఫలితాల ప్రకారం 65 నుంచి 80 ఏళ్ల మధ్యవారిలో సగానికి పైగా, 80 దాటినవారిలో ముప్పాతిక మందికి పైగా ఘ్రాణశక్తిని చాలావరకు కోల్పోయి ఉన్నారు. ఇంతమందికి వచ్చే లోపాన్ని మనం లోపంగానే లెక్కపెట్టడం లేదు.

వాసనను పట్టే పొర ముక్కు లోపల పైకప్పున, కొద్ది చదరపు సెంటీమీటర్ల మేర మాత్రమే ఉంటుంది. అందులోని నాడీకణాలు మనం పీల్చే గాలికి, దానితో వచ్చే దుమ్ముకూ పొగకూ క్రిములకూ నేరుగా ఎదురు నిలుస్తాయి కనుక తొందరగా చనిపోతాయి; వాటి స్థానంలో అడుగునున్న మూలకణాలు కొత్తవాటిని పుట్టిస్తూ ఉంటాయి. వయసు మీద పడేకొద్దీ ఈ పుట్టుక మందగించి, వాసన పొర ఉండవలసిన చోట అక్కడక్కడ మామూలు శ్వాస పొర వచ్చి చేరుతుంది. ఆ నాడీతంతువులు మెదడులోకి వెళ్లడానికి కపాలం అడుగున జల్లెడలాంటి ఎముక ఒకటుంది. వయసుతో పాటు ఆ రంధ్రాలూ ఇరుకవుతాయి. వాటి పైన సంకేతాలను అందుకునే మెదడు భాగం కూడా కుంచించుకుపోతుంది. జీవితమంతా పట్టిన జలుబులు, సైనసు బాధలు, కట్టెల పొయ్యి పొగ, మన లంక పొగాకు చుట్టలు చేసిన చేటు వీటికి అదనం. మనిషి ముక్కులో సుమారు 400 రకాల వాసన గ్రాహకాలుంటాయి; 1991లో ఆ జన్యు కుటుంబాన్ని గుర్తించినందుకే లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్కో వాసననూ ఈ గ్రాహకాలు కొన్ని కలిసి పోల్చుకుంటాయి; వాటిలో కొన్ని తగ్గితే ఆ పోలిక చెదురుతుంది. అందుకే వృద్ధులు తరచు ‘ఏదో వాసన వస్తోంది గానీ ఏమిటో చెప్పలేను’ అంటారు.

ఇక్కడ ఒక భ్రమను తొలగించాలి. ‘ఎండుమిర్చి వేయిస్తే దగ్గొస్తోంది, అమృతాంజనం రాస్తే తెలుస్తోంది, నా ముక్కుకేం ఢోకా లేదు’ అని పెద్దవాళ్లు ధీమాగా చెబుతారు. మిర్చి ఘాటు, అమ్మోనియా మంట, కర్పూరపు చలువ చాలావరకు ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి పసిగట్టేవి. వాసన నాడి దాదాపుగా పోయినా ఆ దారి పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి ముక్కును పరీక్షించాలంటే కాఫీపొడి, మల్లెపూలు, ఏలకుల వంటివి కావాలి. కళ్లు మూయించి, ఒక్కో ముక్కు రంధ్రానికి విడివిడిగా చూపించాలి.

తిండి సంగతికి వస్తే, నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామీ అనే మాంసరసపు రుచి మాత్రమే. మిగిలిన రుచి అంతా నములుతున్నప్పుడు గొంతు వెనక నుంచి ముక్కుకు చేరే వాసనే. వరద గోదారిలో పట్టిన పులసనే ఇంటికి తెచ్చి, ముందురోజు పులుసు పెట్టి మర్నాడు వడ్డించినా, ‘పులసని చెప్పి సముద్రపు విలసను అంటగట్టారర్రా’ అని విసుక్కునే తాతగారు మా ప్రాంతంలో ప్రతి వీధిలోనూ ఉంటారు. పాపం, కోడలి చేతినీ, చేపలమ్మినావిడనూ ఆడిపోసుకుంటారు. రుచి తెలియక ఉప్పూ ఊరగాయా ఎక్కువ వేసుకుంటే రక్తపోటు పెరుగుతుంది. మరికొందరు తిండే తగ్గించి చిక్కిపోతారు. చేప మెత్తబడి వాసన వేసినా, పప్పు పాచిపోయినా పసిగట్టలేకపోవడం మరో ముప్పు.

అన్నింటికంటే నన్ను కలవరపెట్టేది వంటగ్యాసు. దానికి స్వతహాగా వాసన ఉండదు. లీకైతే తెలియడానికి ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే దుర్వాసన పదార్థం కలుపుతారు. అంటే ఆ జాగ్రత్త అంతా ముక్కున్నవాళ్లకే. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా డెల్టా ఊళ్లలో పెద్ద ఇళ్లలో ఒంటరిగా మిగిలిన వృద్ధులు ఎందరో. మా వీధిలో అలాంటి ఒక పెద్దావిడ సిలిండరు మార్చాక రెగ్యులేటరు సరిగా కూర్చోలేదు. ఆవిడ పక్కనే కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు. పాలు పోయడానికి వచ్చినామె గుమ్మంలోనే ఆగి ‘అయ్ బాబోయ్, గ్యాసు కంపు కొట్టేత్తంది మామ్మగారూ’ అని కేక వేసి, లోపలికి వెళ్లి రెగ్యులేటరు కట్టేసి, తలుపులన్నీ తెరిచింది. స్విచ్చుల జోలికి పోలేదు, అదే మేలయింది. ‘నాకు జలుబైనా లేదే’ అని పెద్దావిడ ఆశ్చర్యపోయారు.

ఆ తర్వాత ముక్కు డాక్టరుకు చూపించుకొమ్మని నేనే పట్టుబట్టాను. ముక్కులో కండ పెరగడం, సైనసు వాపు వంటి కారణాలైతే నయం చేయవచ్చు. పార్కిన్‌సన్స్ వ్యాధిలో చేతుల వణుకుకు ఏళ్ల ముందే వాసన తగ్గవచ్చు, అల్జీమర్స్‌లోనూ తొలిదశలోనే తగ్గవచ్చు. అయితే వాసన తగ్గిన ప్రతివారికీ ఆ జబ్బులున్నట్టు కాదని కూడా చెప్పాలి, లేకపోతే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రకటించిన ఒక సాధన ఉంది: గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనలను రోజుకు రెండుసార్లు, పన్నెండు వారాల పాటు శ్రద్ధగా పీల్చడం. అందరికీ ఫలితం ఉండదు, కొందరికి కొంత మెరుగవుతుంది. కడియం నర్సరీల పక్కనున్న మనకు గులాబీకి కొదవా?

అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవం పేరిట జరిపే శిబిరాల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరుతో పాటు ఈ వాసన పరీక్షనూ చేర్చాలని జిల్లా వైద్యాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఒంటరి వృద్ధుల ఇళ్లకు గ్యాసు లీకును కనిపెట్టి మోగే అలారాలను రాయితీపై ఇవ్వాలని గ్యాసు సంస్థలకు, ప్రభుత్వానికి మనవి. సొంతంగా కొని బిగించుకునేవారు మాత్రం ఒకటి గమనించాలి: సిలిండరు గ్యాసు గాలి కంటే బరువు కనుక నేలబారునే పరుచుకుంటుంది, దాని అలారం నేలకు దగ్గరగా ఉండాలి, పైపుల ద్వారా వచ్చే సహజవాయువు తేలిక కనుక ఆ ఇళ్లలో పైకప్పు దగ్గర బిగించాలి. సిలిండరు గ్యాసు లీకైతే ఫోను చేయవలసిన నంబరు 1906. దాన్ని పెద్ద అంకెల్లో రాసి వంటింటి బయట, ఫోను పక్కన అంటించండి.

— ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకురాలు,
అమలాపురం