డ్రెయిన్ మూత పగిలితే మోటారు వేయం

కస్టమర్లందరికీ నమస్కారం.

మీ ఇళ్లలో స్విమ్మింగ్ పూల్స్, హాట్ టబ్స్ చూసుకునే మా పనిలో ఈ నెల నుంచి కొన్ని మార్పులు చేస్తున్నాం. ఇవి మీలో కొందరికి నచ్చకపోవచ్చు. అందుకే కారణాలు దాచకుండా చెబుతున్నాను.

అడుగున పంపు నీళ్లు లాగే రంధ్రం (డ్రెయిన్) మీది మూత పగిలినా, స్క్రూ ఊడినా మా వాళ్లు అక్కడికక్కడే పంపు మోటారు ఆపేస్తారు. కొత్త మూత బిగించేదాకా మళ్లీ వేయరు. ఈ మధ్య ఇలా ఆపినందుకు, ఇంట్లో ఫంక్షన్ పెట్టుకున్న ఒకాయనకు చాలా కోపం వచ్చింది. ఆయన ఇబ్బంది నాకు తెలుసు. అయినా అదే పని మళ్లీ చేస్తాం. ఎందుకంటే ఆ రంధ్రం దగ్గర పంపు లాగే బలం మనం ఊహించేంత చిన్నది కాదు. అమెరికాలో 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప హాట్ టబ్ డ్రెయిన్‌కి అతుక్కుపోయింది. కన్నతల్లి ఎంత లాగినా రాలేదు. పాప ప్రాణం దక్కలేదు. ఆ తర్వాత 2007లో అక్కడ ఆ పాప పేరు మీదే డ్రెయిన్ మూతల చట్టం వచ్చింది.

మీరే ఒకసారి చూసుకోండి. మోటారు ఆపి, మూతను చేత్తో కదపండి. కొంచెం కూడా ఊగకూడదు. అంచుల్లో వెంట్రుకంత పగులున్నా మార్చాల్సిందే, ఎండకీ క్లోరిన్‌కీ ప్లాస్టిక్ పెళుసెక్కిపోతుంది. పంపు స్విచ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. ఎవరైనా ఇరుక్కుంటే లాగుతూ కూర్చోకుండా ముందు స్విచ్ ఆపాలి. పొడవు జుట్టు ఉన్నవాళ్లు ముడి వేసుకునే దిగాలి.

ఇక క్లోరిన్. "వాసన రావట్లేదండీ, ఇంకాస్త వేయండి" అని మాకు తరచూ ఫోన్లు వస్తుంటాయి. ఇకపై టెస్ట్ చేయకుండా ఒక్క చెంచా కూడా వేయం. ఘాటు వాసన వస్తే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు కాదు. క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసి క్లోరమైన్లుగా మారితే వచ్చే వాసన అది. కళ్లు మండేది కూడా ఎక్కువగా వాటివల్లే. పూల్‌లో ఫ్రీ క్లోరిన్ (దేనితోనూ కలవకుండా ఇంకా పనిచేసే క్లోరిన్) కనీసం 1 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఒక పాలు), స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే మందు) వాడితే 2, హాట్ టబ్‌లో 3 ఉండాలి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే చాలు. అది 8 దాటిందంటే క్లోరిన్ ఎంత వేసినా సరిగా పనిచేయదు. దిగేముందు సబ్బుతో స్నానం చేస్తే క్లోరిన్ ఖర్చు కూడా తగ్గుతుంది.

హాట్ టబ్ విషయంలో ఇంకా గట్టిగా ఉంటాం. వేడి నీళ్లలో క్లోరిన్ త్వరగా అయిపోతుంది. అప్పుడు సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరిగి ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. లెజియోనెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా అయితే నీటి తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా తెప్పిస్తుంది. నీళ్లు తేటగా కనిపిస్తున్నాయి కదా అని దిగకండి. వేడి 40 డిగ్రీల సెల్సియస్ మించకూడదు. అంతకన్నా పెంచమని అడిగినా మా వాళ్లు పెంచరు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే దిగాలి. మందు తాగి అసలు దిగకూడదు.

పూల్‌లో వేసే మందులు లేబుల్ లేని డబ్బాల్లో ఇవ్వడం మానేస్తున్నాం. యాసిడ్, క్లోరిన్ కలిస్తే విష వాయువు పుడుతుంది. రెండు రకాల క్లోరిన్ పొడులు కలిసినా నిప్పు అంటుకోవచ్చు, కాబట్టి దేని చెంచా దానికే ఉంచండి. నీటిలో మందు పోయాలి తప్ప మందు మీద నీళ్లు పోయకూడదు.

ఒక పని మాత్రం మా చేతుల్లో లేదు. మునిగిపోతున్న పిల్లలు చాలాసార్లు కేక కూడా వేయలేరు. పూల్ చుట్టూ నాలుగు వైపులా కంచె, దానంతటదే మూసుకునే గేటు పెట్టించండి. పిల్లలు నీటిలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లలో ఒకరు ఫోన్ పక్కన పెట్టి వాళ్లనే చూస్తుండాలి.

డ్రెయిన్ మూత మీద అనుమానం ఉంటే ఫోటో తీసి పంపండి. మీ సర్వీసు రోజు దాకా ఆగకుండా మనిషిని పంపిస్తాం. మూత ఖరీదు మీదే, బిగించినందుకు విడిగా ఏమీ తీసుకోం.