మళ్లీ అదే మెట్లెక్కాను మావా

విశాఖపట్నం,
ఆషాఢం చివర, ఒక ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మావా,

ఇది ఫోన్‌లో చెప్పేస్తే ఐదు నిమిషాల్లో అయిపోయేదే. కానీ నువ్వు ఫోన్‌లో వినవు, మధ్యలో నవ్వుతావు. దీన్ని మాత్రం కాసేపు నవ్వకుండా వినాలి. అందుకే ఉత్తరం.

నేను మళ్లీ మన పాత యాడ్ ఏజెన్సీ ఆఫీసులోనే చేరాను. అవును, ద్వారకానగర్‌లో అదే మూడో అంతస్తు. లిఫ్ట్‌ని రెండో అంతస్తు దాకానే నమ్మొచ్చు, అది కూడా మారలేదు. 2018లో ఆ మెట్లు దిగుతూ "ఇంకోసారి ఈ గడప తొక్కితే చెప్పుతో కొట్టు" అని నీతో అన్నాను. నాకే గుర్తుందంటే నీకు ఇంకెంత గుర్తుంటుందో. ఈసారి వచ్చినప్పుడు కొడుదువుగాని, చెప్పులు కూడా నావే ఇస్తాను.

ఫిబ్రవరిలో మన ఏజెన్సీ మేడమ్ ఫోన్ చేశారు. అమ్మ మోకాళ్ల గురించి పది నిమిషాలు అడిగి, నూనెలు, డాక్టర్లు అన్నీ చెప్పి, ఇక పెట్టేస్తారనగా "క్రియేటివ్ టీమ్‌ని చూసుకునే మనిషి లేడయ్యా, నువ్వొస్తావా?" అన్నారు. నేను ఆలోచించి చెబుతానన్నాను గానీ, ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. అమ్మ ఇక్కడ ఒక్కతే ఉంటోంది. హైదరాబాద్‌లో జీతం ఎక్కువే, కానీ అక్కడ ఏడేళ్లలో నేను చేసిన పని ఏదైనా రోడ్డు మీద చూసి "ఇది నాది" అని ఎవరికైనా చూపించానా అంటే, లేదు. ఒక్క బ్యాంకు హోర్డింగ్ తప్ప. అందులోనూ కామా ఒక్కటే నాది.

ఇక మన పాత గొడవ. నువ్వు మొదట అడిగేది అదేనని తెలుసు. మనిద్దరం రాత్రుళ్లు కూర్చుని చేసిన నగల షాపు కాన్సెప్టుని ఇంకొకరి పేరుతో క్లయింట్ ముందు పెట్టిన సంగతి ఆవిడ ఎత్తలేదు. నేనూ రెండు వారాలు ఎత్తలేదు. మూడో వారం ఆగలేక అడిగేశాను. ఆవిడ కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టి, "తప్పే. అప్పుడు ఆ క్లయింట్ పోతాడని భయపడ్డాను" అన్నారు. సారీ అనలేదు. అయినా నా కోపం సగం దిగిపోయింది. మిగతా సగం నీ వాటా, అలాగే దాచి ఉంచాను. నువ్వే వచ్చి తేల్చుకో.

సర్వర్‌లో మన ఫోల్డర్లు ఇంకా ఉన్నాయిరా! మొదటి రోజు పని లేక తెరిచి చూశాను. "దీపావళి ఫైనల్", "దీపావళి ఫైనల్ కొత్తది", ఆ కింద నువ్వు పెట్టిన "అమ్మతోడు ఫైనల్". తేదీ చూస్తే 2014 అక్టోబర్ 11. అంటే హుద్‌హుద్‌కి ముందు రోజు. మర్నాడు ఆదివారం తుఫాను వచ్చి ఊళ్లో హోర్డింగ్ ఫ్రేములన్నీ అప్పడాల్లా వంగిపోయాయి కదా. మన "అమ్మతోడు ఫైనల్" ఎక్కడా పడలేదు. ఆ దీపావళికి టపాసులే వద్దన్నారు, రోడ్ల పక్కన విరిగిన చెట్ల కొమ్మలు ఎండిపోయి గుట్టలుగా ఉన్నాయని. అసలు ఆ ఫైలు ఇంకా బతికి ఉందంటే మన టైపింగ్ బాబాయ్ వల్లే. తుఫాను వస్తోందని శనివారం సాయంత్రం బ్యాకప్ డిస్క్‌ని తువ్వాల్లో చుట్టి, క్యారేజీ సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. మనం నవ్వాం కూడా.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం బాబాయే.

మనిషి పెద్దగా మారలేదు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. కుర్చీ మీద అదే తువ్వాలు, మానిటర్ పక్కన అదే సింహాద్రి అప్పన్న పటం. వన్‌టౌన్‌లో ప్రెస్సులో సీసం అచ్చులు పేర్చిన రోజుల నుంచి ఉన్న చెయ్యి. ఇప్పటికీ అక్షరాల్ని అద్దంలో చూసినట్టు తిరగేసి చదవగలడు. నువ్వూ నేనూ కాలేజీ నుంచి వచ్చినప్పుడు మనకి తెలుగు టైపు చేయడం కూడా రాదు. "క్ష" ఎక్కడుందో తెలియక నేను ఇంకో పదం వాడేస్తుంటే, నా వేలు పట్టుకుని కీ మీద పెట్టినవాడు. అలాంటి మనిషి మొదటి రోజు పొద్దున్న నేను లోపలికి రాగానే కుర్చీలోంచి లేచి "నమస్తే సార్" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. "బాబాయ్, ఏంటిది" అంటే, "పిల్లలు చూస్తున్నారు సార్" అన్నాడు మెల్లగా. పిల్లలంటే టీమ్. ఇద్దరు డిజైనర్లు, ఒక వీడియో ఎడిటర్, విజయనగరం నుంచి వచ్చిన కాపీరైటర్ అమ్మాయి. అందరూ ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వాళ్లు. నేను ఆయనతో ఎలా ఉంటే వాళ్లూ అలాగే ఉంటారని ఆయన లెక్క. నాకు మాత్రం ఆ "సార్" చెవిలో నీళ్లు పోయినట్టు ఉండేది.

దానికి తోడు మొదటి వారమే నేనొక ఆర్డర్ వేశాను. ఇక నుంచి మ్యాటర్ అంతా ఫోన్లలో, వెబ్‌లో కూడా చదవగలిగే యూనికోడ్‌లోనే అని. తప్పదురా. బాబాయ్ తన పాత "అను" ఫాంట్లలో, అంటే యూనికోడ్ కాని వాటిలో, కొట్టిన మ్యాటర్ కాగితం మీద ముత్యాల్లా ఉంటుంది, దాన్నే కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు అవుతాయి. ఇప్పుడు ప్రతి క్లయింటూ పేపర్ యాడ్‌తో పాటు ఇన్‌స్టాగ్రామ్‌కీ అదే కావాలంటున్నాడు. ఒకే మ్యాటర్ రెండుసార్లు టైపు చేస్తే రెండు రకాల తప్పులు దొర్లుతాయి. ఇప్పుడు యూనికోడ్‌లోనూ మంచి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. మండలి, రామభద్ర, సురన్న. మన శ్రీకాకుళం వైపు మనిషి గిడుగు వారి పేరుతో కూడా ఒకటుంది. ఇవన్నీ చెప్పి బాబాయ్ వాదిస్తాడని ఎదురుచూశాను. పాత బాబాయ్ అయితే "నీ మొహం, ఆ వత్తు చూడు, కాలు విరిగిన కోడిలా ఉంది" అనేవాడు. ఇప్పుడు "సరే సార్" అన్నాడు. అంతే. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు నేను.

తర్వాత మొన్న గిరిప్రదక్షిణ వచ్చింది, జనం సింహాచలం కొండ చుట్టూ నడిచే రోజు.

మన పాత బట్టల షాపు క్లయింట్, ఆషాఢం సేల్‌కి ఏటా ఎర్ర రంగు, పసుపు రంగు తప్ప ఇంకేదీ ఒప్పుకోని ఆయన, ఈసారి దారిలో ఐదు చోట్ల మజ్జిగ పందిళ్లు వేస్తున్నానన్నాడు. బ్యానర్లు కావాలి. ఆయన బ్రీఫ్ నీకు తెలిసిందే: పైన స్వామి, పక్కన తన ఫోటో, కింద షాపు పేరు, ఎంత పెద్దదైతే అంత. విజయనగరం అమ్మాయి ఏం చేసిందో తెలుసా? ఎవరూ చెప్పకుండానే ఆదివారం స్కూటీ వేసుకుని, కొండ కింద తొలి పావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర మొదలుపెట్టి, మీటరు చూసుకుంటూ 32 కిలోమీటర్లూ తిరిగొచ్చింది. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార, గోపాలపట్నం, మళ్లీ కొండ కింద దాకా. సోమవారం ఒక కాగితం నా ముందు పెట్టింది. "అప్పన్న చూస్తున్నాడు. ఇంకా ఇన్ని కిలోమీటర్లే. మజ్జిగ తాగి కదలండి." ఏ పందిరి దగ్గర ఆ అంకె. షాపు పేరు కింద మూలన, చిన్నగా.

కుళ్లు పుట్టిందిరా, నిజం చెబుతున్నా. మంచి కుళ్లే అనుకో.

క్లయింట్ "మరి నా బొమ్మేదండీ?" అన్నాడు. "అంత దూరం నడిచేవాడు మీ ఫోటో చూడ్డానికి ఆగడండి, ఎంత మిగిలిందో చూడ్డానికి ఆగుతాడు" అన్నాను. కాసేపు గొణిగి, గ్లాసుల మీద షాపు పేరు వేయించుకునే షరతు మీద ఒప్పుకున్నాడు. ఫ్లెక్సీ వద్దు, గుడ్డ బ్యానర్లు వేద్దామంటే దానికీ సరే అన్నాడు. పెద్ద సంస్కర్త అని కాదు, వాన పడితే ఫ్లెక్సీ కింద నీళ్లు నిలిచి జనం నెత్తిన పడతాయని భయం.

ముందు రోజు సాయంత్రం ఫోన్. అప్పూఘర్ దగ్గర చోటు దొరకలేదు, పందిరి ఇసుకతోట వైపు వేసుకుంటున్నాం అని. అంకె మారాలి. డిజైనర్లు అప్పటికే వెళ్లిపోయారు. నేనే ఫైలు తెరిచి, అప్పటికి ఇసుకతోటలో కూడా చోటు ఖాయం కాలేదు కాబట్టి, "అంకె మీరే మార్చుకోండి" అని ఓపెన్ ఫైలు అల్లిపురంలో ప్రెస్సుకి పంపేశాను. ఐదు బ్యానర్లూ ఒకే ఫైల్లో. కర్వ్స్ చెయ్యకుండా, అంటే అక్షరాల్ని ఫాంట్‌తో పని లేని బొమ్మలుగా మార్చకుండా.

నువ్విప్పుడు తల పట్టుకుంటావని తెలుసు. "కర్వ్స్ చెయ్యని ఫైలు గడప దాటకూడదు" అని బాబాయ్ మనకి ఎన్ని వందల సార్లు చెప్పాడు!

రాత్రి పదకొండున్నరకి బాబాయ్ ఫోన్. "పడుకున్నారా సార్? ఏం లేదు, అప్పన్నకి పొల్లులు పెట్టారు." నాకు అర్థం కాలేదు. ఫోటో పంపాడు. ప్రెస్సులో ఉన్నది ఏనాటిదో పాత కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్, దానికి యూనికోడ్ తెలుగు కుదరలేదు. వత్తులన్నీ ఊడి పక్కన కూర్చున్నాయి. మూడడుగుల అక్షరాల్లో "అప్‌పన్‌న చూస్‌తున్‌నాడు". రెండు బ్యానర్లు అప్పటికే అచ్చయి ఆరుతున్నాయి.

ఆయన్ని ఎవరూ వెళ్లమనలేదు. నేను ఫైలు పంపడం తన సీట్లోంచి చూశాడు, అంతే. ఇంటికెళ్లి భోజనం చేసి, ఎందుకో మనసు ఒప్పక ప్రెస్సుకి వెళ్లాడట. నేను బండి మీద చేరేసరికి అక్కడి సిస్టమ్ ముందు కూర్చుని తన అను ఫాంట్‌లో మొత్తం మళ్లీ కొడుతున్నాడు. ఒక్కసారి కూడా కీబోర్డు వైపు చూడలేదు. "ప్ప" దగ్గర ఆగి, వత్తుని వెంట్రుక వాసి కుడివైపుకి జరిపి, తల పక్కకి వంచి చూసి, మళ్లీ వెంట్రుక వాసి వెనక్కి తెచ్చాడు. ఆ గుడ్డ మీద పడ్డాక ఆ తేడా దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు. కర్వ్స్ చేశాడు. నేను పక్కన ప్లాస్టిక్ స్టూల్ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను, ఇరవై రెండేళ్లప్పటిలాగే.

మర్నాడు ఆఫీసులో తప్పు నాదేనని అందరి ముందూ చెప్పేశాను. రెండు బ్యానర్ల ఖర్చు నా జీతంలో పట్టుకోమని మేడమ్‌కీ చెప్పాను (పట్టుకున్నారు కూడా, ఆవిడ సంగతి తెలుసుగా). బాబాయ్ మాత్రం "ప్రెస్సు వాళ్ల సాఫ్ట్‌వేర్ పాతది, సార్ తప్పేం లేదు" అన్నాడు పిల్లలతో. తర్వాత కిందికి టీకి వెళ్లాం, ఇద్దరమే. గ్లాసు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ చూసి, "ఒరే, బుద్ధుందా? ఎన్నిసార్లు చెప్పాను రా నీకు? టీమ్ లీడర్ అయితే వత్తులు వాటంతటవే అతుక్కుంటాయా?" అని మొదలుపెట్టాడు. పూర్తిగా పది నిమిషాలు తిట్టాడు మావా. టీ చల్లారిపోయింది. డబ్బులు కూడా నన్నే ఇవ్వమన్నాడు. పైకి రాగానే మళ్లీ "సార్". ఇప్పుడు అలాగే నడుస్తోంది. మూడో అంతస్తులో సార్, టీ బండి దగ్గర ఒరే.

ఇప్పుడు ప్రెస్సుకి వెళ్లే ప్రతి ఫైలూ ముందు బాబాయ్ దగ్గరికి వెళ్తుంది. ఆయన చూసి కర్వ్స్ చేస్తేనే బయటికి. యూనికోడ్ ఆర్డర్ అలాగే ఉంది, గిడుగు ఫాంట్ పర్వాలేదంట.

గిరిప్రదక్షిణ రోజు నేనూ హనుమంతవాక నుంచి ఇసుకతోట దాకా నడిచాను. మొత్తం కాదు, నవ్వకు. మన పందిరి దగ్గర ఒక ముసలమ్మ చెప్పుల్లేని కాళ్లతో నిలబడి బ్యానర్ వైపు చూసి, "ఏటి రాసున్నాదది, సదువు బాబూ" అంది. చదివాను. "ఇంక అంతేనేటి!" అని మజ్జిగ గడగడా తాగేసి, గ్లాసు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. గ్లాసు మీద షాపు పేరు వైపు చూడనే లేదు. ఆ సంగతి క్లయింట్‌కి చెప్పలేదు.

అవునుగానీ, ఒక ముఖ్యమైన పని. వెళ్లిపోయిన రోజు కోపంలో నువ్వు బాబాయ్ 24 అంగుళాల స్టీలు స్కేలు బ్యాగులో పెట్టుకుపోయావు. నేను చూశాను, అప్పుడు ఏమీ అనలేదు. ఆయన ఇప్పటికీ చెక్క స్కేలుతో కొలుస్తూ ప్రతిసారీ ఒక నిట్టూర్పు విడుస్తున్నాడు. ఎవరు తీశారో ఆయనకి తెలుసు, అడగడు. రెండు అట్టల మధ్య పెట్టి, వంగకుండా టేపు చుట్టి కొరియర్ చెయ్యి. ఆయన పేరు మీదే పంపు. నా పేరు మీద పంపావంటే "సార్‌కి వచ్చింది" అని విప్పకుండా తెచ్చి నా టేబుల్ మీద పెడతాడు.

నీ
మావ