కొండముచ్చుల వెంట వెళ్తానంటున్న మా సింధుకి

చిరంజీవి సింధుకి,

అమ్మ ఆశీస్సులు. పీహెచ్‌డీకి జంతువుల ప్రవర్తన, దాని పరిణామం అన్న విషయమే తీసుకుంటానని నువ్వు చెప్పినప్పటి నుంచి ఇంట్లో అదే చర్చ. మీ నాన్నకి అభ్యంతరం లేదు, కాస్త టెన్షన్ ఉంది. మీ పెద్దత్త మాత్రం "ఎమ్మెస్సీ దాకా చదివి కోతుల వెంట తిరగడమేమిటి, బీఈడీ చేస్తే హాయిగా టీచరు ఉద్యోగం రాదా" అంటోంది. ఆమెకు నేను జవాబు చెప్పుకుంటాలే. నీతో మాట్లాడాల్సినవి వేరే ఉన్నాయి. ఫోన్‌లో ప్రతిసారీ సగంలోనే ఆగిపోతున్నాయి కాబట్టి రాస్తున్నాను.

వెళ్లు. ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ఇన్నేళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను, అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఈ జంతువుల ప్రవర్తనే. అయితే నువ్వు "నాకు కొండముచ్చులంటే ఇష్టం, వాటి మీదే చేస్తా" అన్నావు చూడు, అక్కడ కాస్త ఆగాలి. ఇంటర్వ్యూలో నీకు ఏ జంతువంటే ఇష్టమో ఎవరూ అడగరు. నీ ప్రశ్న ఏమిటని అడుగుతారు. ప్రశ్న తేలకుండా అడవికి వెళ్తే రెండేళ్ల తర్వాత నోట్‌బుక్కులు నిండుతాయి గానీ థీసిస్ రాదు.

1963లో నికో టిన్‌బర్గన్ అనే జంతు ప్రవర్తన శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. జంతువు ఫలానా పని ఎందుకు చేస్తోందని అడిగితే అందులో నాలుగు వేర్వేరు ప్రశ్నలు ఉంటాయని అందులో విడదీసి చూపించాడు. పదేళ్ల తర్వాత లోరెంజ్, ఫాన్ ఫ్రిష్‌లతో కలిసి నోబెల్ అందుకున్నది ఆయనే. నువ్వు ఇది పరీక్షలో నాలుగు పాయింట్లుగా రాసి మార్కులు తెచ్చుకునే ఉంటావు. అంతటితో వదిలేయకు. మన దొడ్లో రాత్రంతా అరిచే కీచురాయినే తీసుకో. అది ఎందుకు అరుస్తోంది? ముందు రెక్కలు రెండూ ఒకదానితో ఒకటి రాపాడిస్తుంది, వేడి ఎక్కువగా ఉన్న రాత్రి ఇంకా వేగంగా రాపాడిస్తుంది. ఇదొక జవాబు. మగది పెద్దదై రెక్కలు పూర్తిగా వచ్చాక, ఎవరూ నేర్పకుండానే అరవడం మొదలుపెడుతుంది. అది రెండోది. ఆ అరుపు విని ఆడది వస్తుంది, సంతానం కలుగుతుంది. అది మూడోది. ఎగరడానికి ఉన్న రెక్క వెనకటి తరాల్లో ఎప్పుడు, ఎలా వాయిద్యంగా మారిందన్నది నాలుగోది. ఒక జవాబు నిజమైనంత మాత్రాన ఇంకోటి అబద్ధం అయిపోదు. ఒక ప్రశ్న అడిగితే ఇంకో దానికి జవాబు చెప్పడం మాత్రం సెమినార్లలో కూడా జరుగుతూనే ఉంటుంది.

ఆ కీచురాళ్ల దగ్గరే ఇంకొక్క సంగతి. హవాయిలోని కవాయి దీవిలో ఒక ఈగ ఉంది. మగ కీచురాయి అరుపు విని వచ్చి దాని మీద తన పిల్ల పురుగుల్ని వదిలి వెళ్తుంది. అవి లోపలికి దూరి దాన్ని తినేస్తాయి. 2003 నాటికి ఆ దీవిలో కీచురాళ్ల చప్పుడు దాదాపు ఆగిపోయింది. అంతరించిపోయాయేమో అనుకుంటూ శాస్త్రవేత్త మార్లీన్ జుక్ బృందం టార్చిలైటుతో వెతికితే గడ్డిలో బోలెడు కనిపించాయి. చాలా వరకు మగవాటి రెక్కల మీద చప్పుడు చేసే భాగమే చెరిగిపోయింది. ఒక మ్యుటేషన్, అంటే జన్యువులో వచ్చిన మార్పు, 20 తరాల లోపే అంతగా పాకిపోయింది. అరవలేని ఆ మగవి, ఇంకా అరిచే ఒకటో రెండో ఉంటే వాటి దగ్గర చేరి, అటు వచ్చే ఆడవాటిని మధ్యలోనే కలుస్తాయి. పరిణామమంటే లక్షల ఏళ్లని మనం పిల్లలకు చెబుతుంటాం కదా. ఇది దాదాపు ఒక పీహెచ్‌డీ పట్టేంత కాలంలో జరిగిపోయింది.

ఇక నీ కొండముచ్చుల సంగతికి వస్తాను. వాటి గురించి చాలాసేపు చెప్పాలనుంది.

1960ల మొదట్లో జపాన్ నుంచి సుగియామా అనే శాస్త్రవేత్త మన పక్క రాష్ట్రంలోని ధార్వాడ్‌కి వచ్చి కొండముచ్చుల గుంపుల్ని గమనించాడు. బయటి మగవి ఒక గుంపు మీదకు వచ్చి, అక్కడున్న పెద్ద మగదాన్ని తరిమేసి, వాటిలో ఒకటి గుంపును చేజిక్కించుకోవడం చూశాడు. ఆ తర్వాత గుంపులోని పసిపిల్లలు చనిపోవడం కూడా చూశాడు. తన జాతి పిల్లల్నే చంపే జంతువు అంటే అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు. జంతువులు తమ జాతి మేలు కోసమే బతుకుతాయన్న నమ్మకం బలంగా ఉన్న రోజులవి. ఇది రోగం లాంటిది, గుంపులు కిక్కిరిసిపోవడం వల్ల మతి చెడి చేస్తున్న పని అన్నారు.

1971లో హార్వర్డ్ విద్యార్థిని సారా బ్లాఫర్ హ్రడీ రాజస్థాన్‌లోని మౌంట్ అబూకి వచ్చింది. ఆమె కూడా ఆ కిక్కిరిసిన గుంపుల వివరణనే పరీక్షించాలని వచ్చింది. కొన్ని సీజన్లు వాటి వెంట తిరిగేసరికి లెక్క వేరేగా తేలింది. పిల్లలకు ప్రమాదం వచ్చేది బయటి నుంచి కొత్తగా వచ్చిన మగవాటి వల్ల. గుంపులో మామూలుగా ఉండే మగవి అంతే రద్దీలోనూ పిల్లల జోలికి పోవడం లేదు. పాలు తాగే పిల్ల పోతే తల్లి తొందరగా మళ్లీ జతకు సిద్ధమవుతుంది. కొత్త మగది గుంపులో ఎంతకాలం నిలుస్తుందో తెలియదు కాబట్టి, ఆ తొందర దానికి లాభం. అందుకే ఆ ప్రవర్తన తరాల మీదుగా మిగిలిందని ఆమె వాదించింది. ఆడవి ఊరికే ఊరుకోవడం లేదని కూడా చూపించింది. పిల్లను కాపాడటానికి ఆడవి కలిసి మగదాని మీదకు వెళ్తాయి. ఒకటి కంటే ఎక్కువ మగవాటితో జతకట్టి, పిల్ల ఎవరిదో తేలకుండా చేస్తాయి. అంతకుముందు రాసినవాళ్లలో చాలామందికి ఆడ కోతులు తల్లులుగా తప్ప కనబడలేదు. నాకు హ్రడీ పనిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

ఆమె చెప్పింది అందరూ ఒప్పుకోలేదు. కళ్లారా చూసిన హత్యలు కొద్ది కదా, చంపింది ఆ పిల్ల తండ్రి కాదని ఎలా తెలుసు అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు 1999లో వచ్చింది. నేపాల్‌లోని రామ్‌నగర్ దగ్గర కొండముచ్చుల మలం నుంచి డీఎన్ఏ తీసి తండ్రులెవరో తేల్చారు. పిల్లల మీద దాడి చేసిన మగవి వాటి తండ్రులు కావు. ఆ తల్లులకు తర్వాత పుట్టిన పిల్లలకు మాత్రం ఆ మగవే తండ్రులు. ధార్వాడ్ నుంచి రామ్‌నగర్ దాకా 35 ఏళ్లకు పైనే పట్టింది. ఒకరు చూశారు, ఒకరు ప్రశ్నను సరిగ్గా పెట్టారు, ఇంకొకరు దాన్ని తేల్చే పద్ధతి వచ్చేదాకా అదే జంతువు దగ్గర కూర్చున్నారు. నీ పేరు ఈ వరసలో ఎక్కడ వస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు, చెప్పనక్కర్లేదు కూడా.

ఇది చదివి వచ్చాక పెళ్లిళ్లలో, బస్సుల్లో నిన్ను అడిగేవాళ్లు ఉంటారు: "అయితే మగవాళ్లు అలా చేయడం సహజమే అన్నమాట!" గట్టిగా కాదని చెప్పు. సహజ ఎంపికలో ఒక ప్రవర్తన ఎలా మిగిలిందో చెప్పడం ఒకటి, అది తప్పో ఒప్పో చెప్పడం ఇంకొకటి. మొదటిది నీ పని. రెండోదానికి కొండముచ్చుల్ని సాక్ష్యానికి పిలిచేవాళ్ల దగ్గర మొహమాటపడకు. మన కథల్ని జంతువుల మీద రుద్దడం కూడా అంతే చెడ్డది. నీ నోట్‌బుక్కులో "కోపంగా చూసింది" అని రాయకు. పళ్లు బయటపెట్టిందా, కనుబొమలు ఎత్తిందా, ఎన్ని సెకన్లు చూసిందో అది రాయి.

1974లో పరిణామ శాస్త్రవేత్త రాబర్ట్ ట్రివర్స్ రాసిన దాని గురించి కూడా చెప్పాలి. తల్లికీ పిల్లకీ మధ్య కూడా ప్రయోజనాలు పూర్తిగా కలవవని ఆయన లెక్కతో చూపించాడు. తల్లికి ఈ పిల్లా, ఇక ముందు పుట్టబోయే పిల్లా సమానమే. పిల్లకు తన మీద తనకున్నంత అక్కర తోబుట్టువు మీద ఉండదు. అందుకే పాలు మాన్పించే రోజుల్లో గొడవ వస్తుంది. కోల్‌కతాలోని సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్‌లో అనిందిత భద్ర బృందం మన వీధి కుక్కల్లోనే దీన్ని గమనించింది. పిల్లలు పెరిగేకొద్దీ తల్లి తిండి పంచుకోవడం తగ్గి, దాని కోసం వాటితో పోట్లాడటం పెరుగుతుంది. వీధి కుక్కల మీద కూడా పీహెచ్‌డీలు వస్తున్నాయని మీ పెద్దత్తకు నేనే చెబుతాను. తల్లి ప్రేమను ఇది తక్కువ చేసిందని నాకు ఎప్పుడూ అనిపించలేదు. పొలిమేరలు ఎక్కడున్నాయో తెలిసినంత మాత్రాన పొలం చిన్నదైపోదు కదా.

జంతువును ఎంచుకునేటప్పుడు కందిరీగల్ని కూడా ఒకసారి ఆలోచించు. నవ్వకు. బెంగళూరు ఐఐఎస్సీలో రాఘవేంద్ర గడగ్కర్ మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ చేస్తూ, ఇష్టం కొద్దీ కందిరీగల గూళ్లను గమనించడం మొదలుపెట్టి, చివరికి జీవితమంతా వాటికే ఇచ్చాడు. రోపలిడియా మార్జినాటా అనే ఆ కందిరీగ దక్షిణ భారతంలో చూరు కింద, కిటికీ దగ్గర గూడు పెడుతుంది. ఒక్కోదానికి ఒక్కో రంగు చుక్క పెడితే చాలు, ఏది ఏదో తెలిసిపోతుంది. ఆ గూట్లో రాణి చాలా నెమ్మది. దాన్ని తీసేస్తే నిమిషాల్లోనే గూటి పని చేసే కూలి కందిరీగల్లో ఒకటి విపరీతంగా దూకుడుగా మారుతుంది. రాణిని తిరిగి పెట్టకపోతే అదే కొత్త రాణి. విచిత్రమేమిటంటే, తర్వాతి రాణి ఏదో ముందుగా చెప్పడానికి దాని సైజులోనూ, గూట్లో దాని హోదాలోనూ మనకు గుర్తేమీ కనబడదు. మిగతా కందిరీగలు మాత్రం పోటీ పడకుండా ఒప్పుకుంటాయి. అంటే వాటికి తెలుసన్నమాట! గూడును వైరు మెష్‌తో రెండుగా విడదీసి, రాణిని ఇటు నుంచి అటు మార్చి ఈ సంగతి రాబట్టారు. ఖర్చు పెద్దగా లేదు. ఆలోచన మాత్రం చాలా ఉంది.

నేను కొండముచ్చుల్ని వదిలేయమనడం లేదు. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న జంతువు. అడవిలో పనికి అటవీశాఖ అనుమతి కావాలి, అది ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు. ఏడాదికో పిల్ల కూడా పుట్టని జంతువు నుంచి ఐదేళ్లలో ఎన్ని అంకెలు వస్తాయో గైడ్‌ని అడుగు. నీ ప్రశ్నకు కొండముచ్చే సరైనదైతే అప్పుడు ఎంత కష్టమైనా పడు.

గమనించే పద్ధతి ఇప్పటి నుంచే నేర్చుకో. కెన్యాలో బాబూన్ కోతుల మీద పనిచేసిన జీన్ ఆల్ట్‌మన్, గణితం చదివి వచ్చిన మనిషి, 1974లో గమనించే పద్ధతుల మీద రాసిన వ్యాసం ఇప్పటికీ అందరూ వాడతారు. మన కంటికి ఏది కొట్టొచ్చినట్టు కనిపిస్తే అదే రాసుకుంటూ పోతే కొట్లాటలే ఎక్కువ ఉన్నట్టు తేలుతుంది. ఊరికే కూర్చున్న జంతువు లెక్కలోకే రాదు. అందుకే ఒక జంతువును ముందే ఎంచుకుని, అది ఏం చేసినా చేయకపోయినా నిర్ణీత సమయం దాన్నే చూడాలి. నువ్వు తిరుపతిలోనే ఉన్నావు, ఆదివారాలు కోతుల మీద ఈ ఫోకల్ శాంప్లింగ్ చేసి చూడు. మెట్ల దారిలో భక్తులు తిండి పెట్టే చోట మాత్రం వద్దు, అక్కడ వాటి రోజంతా మన చేతి సంచుల చుట్టూనే తిరుగుతుంది. స్టాటిస్టిక్స్ అంటే నీకున్న భయం కూడా ఈ ఏడాదే పోవాలి. ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, మొదలుపెట్టు.

డబ్బు సంగతి మీ నాన్న అడగమన్నారు, నేనే చూశాను. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్ విడిగా ఉంది, లైఫ్ సైన్సెస్ కన్నా నీకు అదే మేలనిపిస్తోంది. బెంగళూరులో ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్, జేఎన్‌సీ అనే మూడు పరిశోధన సంస్థలూ ఉన్నాయి. మీ ఊరి పక్కనే తిరుపతి ఐసర్‌లో పశ్చిమ కనుమల పక్షుల పాటల మీద పనిచేసే ల్యాబ్ ఉంది, ఒకరోజు వెళ్లి సీనియర్లతో మాట్లాడి రా. గైడ్ ఎంత పేరున్న మనిషైనా సరే, ఆ ల్యాబ్‌లో చదివిన అమ్మాయిలతో మాట్లాడకుండా చేరకు. ఫీల్డ్‌లో ఎక్కడ ఉంటారు, తోడు ఎవరు వస్తారు, ఫీల్డ్ అసిస్టెంట్‌కి జీతం ఎవరిస్తారు, జ్వరమొస్తే ఆసుపత్రికి ఎంత దూరం. ఇవి అడగడానికి సిగ్గుపడకు. నాకు నిద్ర పట్టాలంటే ఈ జవాబులు కావాలి.

దసరాకి వచ్చేలోపు నీ ప్రశ్నను ఒక్క పేజీలో రాసి పంపు. తెలుగులోనే రాయి, అప్పుడు మీ నాన్న కూడా చదువుతారు. ఏ జవాబు వస్తే నీ ఊహ తప్పని ఒప్పుకుంటావో కూడా అందులో ఉండాలి. అది లేకపోతే తిప్పి పంపిస్తాను.

నీ
అమ్మ