పెసరట్టు ఎవరో తెలిసింది

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తిట్టుకో, పడతా. యూనిట్ టెస్టు పేపర్లు నెత్తిన పడ్డాయి. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, చంటిది నడుస్తోంది, ఇంటికి సున్నం ఇంకా వెయ్యలేదు. అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

సాయంత్రాలు మా పదో తరగతి పిల్లలకి ఆన్‌లైన్‌లో జీవశాస్త్రం చెబుతున్నా కదా. నోటితో చెబితే గుండె బుర్రకెక్కదు, బొమ్మ ఉండాలి. ఇదివరకు వాడిన జామ్‌బోర్డ్ అనే ఆన్‌లైన్ బోర్డు 2024 డిసెంబరుతో ఆగిపోయింది. మిరోలో ఉచితమంటే 3 బోర్డులే. చివరికి ఎక్స్‌కాలిడ్రా పట్టుకున్నా. లాగిన్ అక్కర్లేదు, పైసా అక్కర్లేదు, లింకు పంపితే ఫోన్లోంచో కంప్యూటర్లోంచో దూరిపోతారు. గీతలు చేత్తో గీసినట్టు వంకరగా వస్తాయి. అయినా నీ గుండ్రాల కంటే నయంలే, కోడిగుడ్డూ!

మంగళవారం లైవ్ లింకు గ్రూపులో పడేశా. అది చేతికొస్తే ఎవడైనా గీయొచ్చని తెలిసి కూడా. తప్పు నాదే. తెర నిండా పిల్లల పేర్లతో 23 మౌస్ బాణాలు ఈగల్లా ముసిరాయి. పేరు ఎవరిష్టం వాళ్ళది: హెడ్మాస్టరు, ఎమ్మెల్యే గారు, పెసరట్టు. రెండు నిమిషాల్లో కుడి కర్ణికకి, అదే గుండె పైగదికి, మీసాలు మొలిచాయి. ఎవడో మొత్తం పట్టి చెరిపేశాడు. గుండె ఆగిపోయిందిరా, బొమ్మదీ నాదీ! "చెరిపినవాడే అన్‌డూ నొక్కండ్రా" అని అరిస్తే మళ్ళీ లేచింది.

ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి బాణం గీస్తే అతుక్కుపోతుంది, డబ్బాని జరిపితే పలుపు పట్టి లాగినట్టు వెంట వస్తుంది. పలుపు అనగానే నీకేం గుర్తొచ్చిందో తెలుసు, నవ్వకు. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకి పుపుస సిర గీశా. సిర కదా అని అలవాటుగా నీలం వేశా. మంచి రక్తం తెచ్చే సిర అది, ఎర్రగా ఉండాలి! 12 ఏళ్ళుగా చెబుతున్న పాఠం!

నా మానాన నేను చెప్పుకుపోతున్నా. పెసరట్టు మెల్లగా వచ్చి ఆ గీత మీద ఆగింది. వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. గీత ఎర్రబడింది. తర్వాత చెడు రక్తం మోసే పుపుస ధమని దగ్గరకెళ్ళి దాన్ని నీలం చేసింది. అదీ తిప్పే వేశానని అప్పుడు చూసుకున్నా. "ఎవర్రా పెసరట్టు?" అంటే ఒక్క మైకూ తెరుచుకోలేదు.

మర్నాడు బడిలో నోట్సులు దిద్దుతున్నా. హాజరు పిలిస్తే కూడా వేలెత్తి ఊరుకునే పిల్ల ఒకతి ఉంది. దాని నోట్సులో పుపుస సిర కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. "నువ్వేనా అమ్మా?" అన్నా. తల దించుకుంది. నోటితో ఎందుకు చెప్పలేదని అడగబోయి... నువ్వు ఆరోజు నల్లబల్ల దగ్గర సుద్దముక్క పట్టుకుని, జవాబు తెలిసీ... పోనీలే, ఇప్పుడెందుకు.

ఆరున్నరైంది, అప్పుడే లింకు అడుగుతున్నారు. ఇవాళ మూత్రపిండాలు. మీసాలకి ఈసారి రెండు దొరుకుతాయి వెధవలకి. మిగతాది మళ్ళీ

నీ
బాచి