కలెక్టర్ గారూ, ముందు వాళ్లనే అడగండి

అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల గురించి సోమవారం గ్రీవెన్స్‌లో మీ చేతికి వచ్చే అర్జీలు ఎక్కువగా వాళ్ల అమ్మానాన్నలు ఇచ్చేవే. పింఛను ఆగిందనో, సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం పర్సంటేజీ తగ్గిందనో, క్యాంపుకు స్లాట్ దొరకడం లేదనో ఉంటాయి. అవన్నీ న్యాయమైనవే. నేను అడగబోయేది వేరే. ఆ మనుషులు నెలకోసారి ఒకచోట కూర్చుని, తమకేం కావాలో తామే మాట్లాడుకుని, ఆ మాట మీదాకా తెచ్చుకునే ఏర్పాటు కావాలి.

టౌన్‌లో అలాంటి చిన్న గుంపు ఒకటి ఉంది. దానికి పేరూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. అందరూ పద్దెనిమిది దాటినవాళ్లే, కొందరికి నలభై కూడా దాటాయి. ఒకాయన రాయదుర్గంలో జీన్స్ కుట్టే చోట దారాలు కత్తిరిస్తాడు. ఒకామె చెల్లెలి పిల్లల్ని చూసుకుంటుంది. మిగతావాళ్లలో చాలామంది పనేమీ లేక ఇంట్లోనే ఉంటారు. మా తమ్ముడు అందులో మెంబరు, నేను కాదు. వాళ్లు అడిగితే కాగితం చదివి చెప్తాను, చెప్పింది రాసిపెడతాను. ఈ ఉత్తరం కూడా అలా రాసిందే. చదివి వినిపించాక ఒక పేరా తీసెయ్యమన్నారు, తీసేశాను. అందులో వాళ్ల కష్టాల గురించి ఉంది. ‘అయ్యో పాపం అనుకుంటారు, వద్దు’ అన్నారు.

వాళ్లు ఏం మాట్లాడుకుంటారో మీకు తెలియాలి. పింఛను పెంచమనే మాట అక్కడ పెద్దగా వినపడదు. ఒకతను అన్నాడు: ‘నెల ఒకటో తేదీ సచివాలయం నుంచి వస్తారు. వేలిముద్ర నాది తీసుకుంటారు. డబ్బులు మాయమ్మ చేతికిస్తారు. నా చేతికి ఒక్కసారి ఇయ్యండి, నేనే మాయమ్మకి ఇస్తా.’ ఆరు వేలూ తనే ఖర్చుపెట్టుకోవాలని అతనికి లేదు. డబ్బు ముందు తన చేతికి రావాలి, దాంట్లోంచి ఓ ఐదొందలు తనవిగా ఉంచుకోవాలి, అంతే. ఇంకొకామెకు సొంతంగా ఫోన్ కావాలి. ఒకాయన టవర్ క్లాక్ దాకా ఒంటరిగా వెళ్లి టీ తాగి రావాలంటాడు. ఆఫీసులో తన తమ్ముణ్ని ‘మీరు’ అని, తనను మాత్రం ‘ఏం నాయనా, అన్నం తిన్నావా’ అని పలకరిస్తే కోపం వస్తుందని కూడా అంటాడు. నలభై ఏళ్లు దాటిన మనిషి. పెళ్లి మాట కూడా వచ్చింది. అది వచ్చిన రోజు బయట కూర్చున్న తల్లులకు ఒకటే టెన్షన్.

తల్లులు బయటే కూర్చుంటారు. ఆ రూల్ పెట్టింది మెంబర్లే. మొదట్లో గొడవ జరిగింది. ‘వాడికేం తెలుసమ్మా, నేను చెప్తే కదా’ అని ఒక పెద్దామె ఏడ్చినంత పని చేసింది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ముప్పై ఐదేళ్లుగా కొడుకు ఆకలి, జ్వరం, భయం అన్నీ ఆమే కనిపెట్టి చెప్పింది. అయితే అమ్మ పక్కన ఉంటే ఆ కొడుకు ప్రతి ప్రశ్నకూ ఆమె ముఖంలోకే చూస్తాడు. బయటికి పంపించాక నోరు తెరవడానికి చాలాసేపు పట్టింది గానీ, తెరిచాడు.

ఇలాంటి సంఘాలు లోకానికి కొత్త కాదు. 1970లో స్వీడన్‌లోని మాల్మో నగరంలో బుద్ధిమాంద్యం ఉన్న యువతీయువకులే ప్రతినిధులుగా దేశస్థాయి సభ పెట్టుకున్నారు. మా గురించి డాక్టర్లు, టీచర్లు మాట్లాడుకునేటప్పుడు మమ్మల్నీ కూర్చోబెట్టుకోండి అన్నది వాళ్ల కోరికల్లో ఒకటి. 1974లో అమెరికాలోని ఓరెగన్‌లో ఒక గుంపు ‘పీపుల్ ఫస్ట్’ అని పేరు పెట్టుకుంది. ముందు మనుషులం, మిగతాదంతా తర్వాత అని. ఆ పేరుతో తర్వాత చాలా దేశాల్లో సంఘాలు వచ్చాయి. వాటిని సెల్ఫ్ అడ్వకసీ గ్రూపులు అంటారు, అంటే తమ తరఫున తామే మాట్లాడుకునే గుంపులు.

వాళ్ల పద్ధతుల్లో ఒకటి మేమూ వాడుతున్నాం. మీటింగులో ప్రతివాళ్ల దగ్గరా మూడు రంగుల కార్డులుంటాయి. పచ్చదంటే ఒప్పుకుంటున్నాను అని, పసుపుదంటే మెల్లగా చెప్పు అని, ఎర్రదంటే ఆపు, అర్థం కాలేదు అని. ఒకసారి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చారు. ఆయన కేవైసీ అన్నారో లేదో, ఎర్ర కార్డులు లేచాయి. నామినీ అన్నారు, మళ్లీ లేచాయి. ఆయన కాస్త నొచ్చుకున్నారు. తర్వాత నవ్వి, పాస్‌బుక్ చేతిలోకి తీసుకుని మొదటి పేజీ నుంచి చూపిస్తూ చెప్పారు. ఆ రోజు చాలా విషయాలు నాకూ అప్పుడే అర్థమయ్యాయి. జిల్లా అధికారుల సమీక్షల్లో కూడా ఆ ఎర్ర కార్డు ఉంటే బాగుంటుందని అనిపించింది, మీరు ఏమీ అనుకోనంటే.

మన జిల్లాలో వికలాంగుల సంఘాలకు లోటు లేదు. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ చాలా ఊళ్లలో సంఘాలు పెట్టించింది. వెలుగు, ఇందిరా క్రాంతి పథం రోజుల్లో మండల సమాఖ్యలు వచ్చాయి. పోలియోతో కాలు పోయినవాళ్లు, చూపు లేనివాళ్లు వాటిలో లీడర్లయ్యారు. మైకు పట్టుకుని అధికారులను నిలదీసినవాళ్లూ ఉన్నారు. బుద్ధిమాంద్యం ఉన్న మనిషి సీట్లో మాత్రం వాళ్ల అమ్మో, నాన్నో కూర్చుంటారు. రిజిస్టర్లో పేరు అతనిది, సంతకం వాళ్లది. డిసెంబర్ 3న, వికలాంగుల దినోత్సవం రోజు, స్టేజీ ఎక్కించి శాలువా కప్పి ఫొటో తీసేటప్పుడు మాత్రం అతనే కావాలి.

చట్టం ఏం చెప్తుందో నాకంటే మీకే బాగా తెలుసు. అయినా రెండు మూడు విషయాలు గుర్తు చేస్తాను. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. వికలాంగులకు అందరితో సమానంగా చట్టపరమైన హోదా ఉందని, ఆస్తి, బ్యాంకు వ్యవహారాలు కూడా అందులోకే వస్తాయని 13వ సెక్షన్ చెప్తుంది. 14వ సెక్షన్‌లోని పరిమిత గార్డియన్‌షిప్ అంటే గార్డియన్, ఆ మనిషి కలిసి నిర్ణయం తీసుకోవడం. అదీ ఫలానా విషయానికి, ఫలానా గడువు వరకే, ఆ మనిషి ఇష్టం ప్రకారమే. 2009లో సుప్రీంకోర్టు ముందుకు చండీగఢ్ ప్రభుత్వ హోమ్‌లో ఉన్న ఒక యువతి కేసు వచ్చింది. ఆమెకు బుద్ధిమాంద్యం, గర్భవతి. గర్భం తీయించాలని హైకోర్టు అంది. ఆమె వద్దంటోంది కాబట్టి తీయించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అంత పెద్ద విషయంలో ఆమె మాట చెల్లినప్పుడు, ఐదొందల రూపాయల దగ్గర మావాళ్ల మాట ఎందుకు చెల్లదు?

గార్డియన్‌షిప్ గురించి ఇంకొంచెం చెప్పాలి. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 ప్రకారం ఆ దరఖాస్తులు చూసే స్థానిక కమిటీ మీ దగ్గరే ఉంటుంది. భూమి పంపకం వచ్చినప్పుడో, బ్యాంకు అకౌంట్ తెరవాల్సి వచ్చినప్పుడో కుటుంబాలు దానికి దరఖాస్తు పెడతాయి. అమ్మానాన్నలకు ఉన్న దిగులు ఒకటే, మేం పోయాక వీడి గతేంటి అని. ఆ దిగులు నిజమైనదే. ఆ దిగులుతోనే ఒక్కోసారి అన్నో, చిన్నాన్నో గార్డియన్ అవుతాడు. ఆ అన్న దగ్గర ఉండటం అతనికి ఇష్టమా, వదిన ఎలా చూసుకుంటుంది అని అతన్ని విడిగా కూర్చోబెట్టి అడిగేవాళ్లు లేరు. మీ కమిటీ అడగొచ్చు. ఇంట్లోవాళ్లను కాసేపు వరండాలో కూర్చోమని, ఇతనికి తెలిసిన ఒక మనిషిని తోడుగా ఉంచి, తొందరపెట్టకుండా అడిగితే చాలామంది చెప్తారు.

ఆ కమిటీలో మూడు సీట్లుంటాయి. ఒకటి కలెక్టర్ స్థాయి అధికారిది, ఒకటి రిజిస్టరైన సంస్థ ప్రతినిధిది, ఇంకొకటి వికలాంగులైన వ్యక్తిది. ఆ మూడో సీటు బుద్ధిమాంద్యం ఉన్న మనిషికి ఇవ్వకూడదని చట్టంలో ఎక్కడా లేదు. ఇవ్వండి. ఒక్కరినే కూర్చోబెడితే బిక్కచచ్చిపోతారు కాబట్టి తోడు మనిషిని రానివ్వండి, ఎజెండాను ముందు రోజే పెద్ద అక్షరాల్లో, చిన్న వాక్యాల్లో పంపండి. 2016 చట్టం 72వ సెక్షన్ కింద ఉండాల్సిన జిల్లా కమిటీకీ ఇదే వర్తిస్తుంది. వికలాంగుల విషయాల్లో వాళ్ల సంఘాలను సంప్రదించాలనే ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 2007లోనే ఆమోదించింది.

ఇక చోటు సంగతి. మీటింగులు ఇప్పుడు ఒక మెంబరు ఇంటి మిద్దె మీద జరుగుతున్నాయి. ఎండాకాలంలో మధ్యాహ్నం అక్కడ కూర్చోలేం, మెట్లెక్కలేనివాళ్లు అసలు రాలేరు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ఆదివారం అక్కడ పిల్లలుండరు. నెలకు ఒక ఆదివారం మాకు తాళంచెవి ఇప్పిస్తే చాలు, కొత్త బిల్డింగ్ అడగడం లేదు. పైగా అందులో చదువుకున్న పిల్లలు పద్దెనిమిది దాటాక వెళ్లడానికి చోటే లేక ఇంట్లో కూర్చున్నారు. వాళ్లకు ఆ గది తెలిసిందే. గుంతకల్లులో ఒకటి, కళ్యాణదుర్గంలో ఒకటి మొదలుపెట్టి చూడొచ్చు. కొంత ప్రయాణ ఖర్చూ కావాలి. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి వచ్చాక ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది, మీటింగుకు వాళ్లు పెరిగారు. మగవాళ్లు మాత్రం ఇంట్లో చార్జీలు అడగలేక ఆగిపోయారు.

తోడు మనిషి విషయంలో జాగ్రత్త అవసరం. ఇది నా గురించి కూడా చెప్తున్నాను. మెల్లగా మాట్లాడే మనిషి నోట్లో మన మాట పెట్టడం చాలా తేలిక. అసలు మాట్లాడలేనివాళ్ల విషయంలో ఇంకా తేలిక. వాళ్లు ఫొటో చూపిస్తారు, తల తిప్పుతారు, లేచి వెళ్లిపోతారు. అదంతా జవాబే, దాన్ని చదవడం నేర్చుకోవాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థే ఉంది. తోడు మనుషులకు అక్కడివాళ్లతో శిక్షణ ఇప్పించండి. స్పెషల్ స్కూలు నడిపేవాళ్లను, హాస్టల్ నడిపేవాళ్లను మాత్రం ఆ పనిలో పెట్టకండి. హాస్టల్ అన్నం బాగాలేదని ఆ హాస్టల్ వార్డెన్ పక్కన కూర్చుని ఎవరు చెప్తారు?

ఓటు గురించీ ఒక మాట. కోర్టు ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప బుద్ధిమాంద్యం వల్ల ఎవరి ఓటూ పోదు. మావాళ్లలో కొందరి పేర్లు అసలు లిస్టులో లేవు, ఇంట్లో ఎవరూ రాయించలేదు. ఓటరు లిస్టు చూసే బీఎల్వోలకు చెప్పించండి.

దీనికి మీరు జవాబిస్తే నా పేరున కాకుండా వాళ్ల పేరున ఇవ్వండి. ఒక పేజీ దాటకూడదు, అక్షరాలు పెద్దగా ఉండాలి. కుదరదంటే కుదరదనే రాయండి, ఎందుకు కుదరదో కూడా రాయండి. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కు నలుగురు మెంబర్లు కార్డులతో వస్తారు. నేను వెనక వరసలో కూర్చుంటాను. నన్ను ఏమీ అడగకండి.

ఇట్లు,
గుంపు తరఫున రాసిపెట్టినది,
ఒక మెంబరు అక్క, అనంతపురం