ఆ సంజాయిషీ లేఖ సభ ముందు పెట్టించండి

పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం ఛైర్మన్ గారికి,

అయ్యా, 2022లో ధరల పెరుగుదల వరుసగా మూడు త్రైమాసికాలు 6 శాతం గరిష్ఠ పరిమితిని దాటింది. ఎందుకలా దాటిందో చట్టం ప్రకారం రిజర్వ్ బ్యాంక్ కేంద్రానికి సంజాయిషీ లేఖ రాసుకుంది. అందులో ఏముందో జనానికి తెలియదు. బయటపెట్టాలని చట్టంలో లేదని ప్రభుత్వం లోక్‌సభకు జవాబిచ్చింది. పెట్టకూడదని మాత్రం ఉందా? బ్రిటన్‌లో ఇలాంటి లేఖ ఎవరైనా చదువుకోవచ్చు.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు ధరల అదుపు కోసం రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ అప్పిచ్చే వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి చేరింది. మా ఇంటి లోన్‌కి ఈఎంఐ పెరగలేదు, కట్టాల్సిన వాయిదాల సంఖ్యే పెరిగిందని ఓ మెసేజ్ వచ్చింది. అంటే రిటైరయ్యాకా కట్టాలి!

రేట్లు మిమ్మల్ని నిర్ణయించమనడం లేదు, అది రిజర్వ్ బ్యాంక్ పనే. గవర్నర్‌ను పిలిచి ఆ లేఖ గురించి అడగండి. తర్వాత సభ ముందు పెట్టించండి.

ఇట్లు,
ఒక గృహరుణదారుడు